చిట్టి చేతుల్లో సూదీ దారం

మూడో తరగతి పిల్లల చేతికి సూది ఇవ్వాలంటే పెద్దలకు భయం. మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉన్న సూది, మూరెడు ఊలు దారం, జానెడు గోనెగుడ్డ ఇచ్చి చూడండి. దారం మరీ పొడవైతే చిక్కుపడుతుంది. ముందు గుడ్డమీద సుద్దముక్కతో చేప బొమ్మ గీయించండి. గీత వెంట సూదిని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి దూర్చమనండి. గోనె నేత వదులు కాబట్టి చిన్న వేళ్లకు సులువు. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టనివ్వండి. ఓర్పు అలవడేది అక్కడే. చేపకు కన్నుగా పెద్ద గుండీ కుట్టిన పిల్లవాడు రేపు తన చొక్కా గుండీ తనే కుట్టుకుంటాడు. చేతిపని చుట్టూ చదువు సాగాలని 1937లో వార్ధా సభలో గాంధీజీ చెప్పారు. ఉపాధ్యాయులారా, వారానికి ఒక్క పీరియడు కేటాయించండి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా నేర్పండి.