ఇండీ గేమ్ డెమో ఎలా ఇవ్వాలి? నేను చేసిన తప్పులు



రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతోనే కథ నడుపుతారు. ఏం జరుగుతుందో తేలనిచోట పాచికలు వేస్తారు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది మొదలైంది. ఇవాళ మాట్లాడేది ఇండీ గేమ్స్ గురించి. ఇండీ అంటే ఇండియా కాదండోయ్, ఇండిపెండెంట్. ఒక్కరే రాసి, సొంత డబ్బుతో ప్రింట్ చేయించి, సొంతంగా అమ్ముకునేవి.

నేను న్యూజెర్సీలో జాబ్ చేస్తున్నప్పుడు మా టీమ్‌లో ఒక గుంటూరు అమ్మాయి ఉండేది. తను ఒక గేమ్ రాసింది. అమ్మేసిన ఇంట్లో ముగ్గురు తోబుట్టువులు గడిపే చివరి రాత్రి, అదీ కథ. 60 కాపీలు వేయించింది, ఒక్కోటి 20 డాలర్లు. ఒక హోటల్లో మూడు రోజుల చిన్న కన్వెన్షన్ ఉంటే టేబుల్ తీసుకుంది. అమ్మిపెట్టడానికి నేను వెళ్ళాను.

శుక్రవారం ఎవరు ఆగినా నేను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టా. పాత్ర ఎలా తయారుచేయాలి, పాచికలు ఎప్పుడు వేయాలి, పాయింట్లు ఎలా వస్తాయి... పావుగంట! పాపం, మర్యాదస్తులు. తలూపి, బుక్‌మార్క్ తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రానికి రెండే కాపీలు పోయాయి. తను నవ్వుతూనే అంది, "నువ్వు గేమ్ అమ్మట్లేదు బాబూ, కేటీ ఇస్తున్నావ్." నవ్వుతూనే అంది గానీ, టేబుల్ కింద విప్పని అట్టపెట్టెల వైపు చూసిన చూపు మాత్రం నాకు గుర్తుండిపోయింది.

పక్క టేబుళ్ళ వాళ్ళు ఏం చేస్తున్నారో చూశాం. గేమ్ ఏంటో ఒక్క వాక్యంలో చెప్తున్నారు. ఉదాహరణకి ఫియాస్కో ఉంది, జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చాడు, గేమ్ మాస్టరే ఉండడు. అక్కడివాళ్ళకి "కోయెన్ బ్రదర్స్ సినిమా మీరే ఆడతారు" అంటే చాలు. మనవాళ్ళకైతే నేను "స్వామి రారా" అంటా. ప్లాన్ వేస్తారు, అది తేడా కొడుతుంది, అందరూ ఇరుక్కుంటారు.

శనివారం రూల్‌బుక్ మూసేశాం. మనిషి కూర్చోగానే చేతిలో ఒక పాత తాళంచెవి పెట్టి, "ఇది మీ నాన్న బీరువాది. ఎక్కడ దొరికిందని మీ చెల్లి అడుగుతోంది. ఏం చెప్తారు?" అని అడిగేవాళ్ళం. అంతే, ఆట మొదలైపోయింది. అబద్ధం చెప్తే పాచికలు వేయాలి. ఆ ఒక్క రూల్ అప్పుడే చెప్తాం. పది నిమిషాలకి, బీరువా తెరిచేలోపు ఆపేస్తాం. పూర్తిగా ఆడించేస్తే ఇంకెందుకు కొంటారు చెప్పండి?

నాకు అర్థమైంది ఇంకోటి ఉంది. కొనేవాళ్ళ అసలు భయం రూల్స్ కాదు. ఇంటికెళ్ళాక నాతో ఎవరు ఆడతారు అన్నది. ఎంతమంది కావాలి, ఎన్ని గంటలు, ముందు ఎవరైనా ప్రిపేర్ అవ్వాలా, ఈ మూడూ అట్ట మీద పెద్దక్షరాలతో రాసి నిలబెట్టాం. అప్పట్నుంచి ఆగేవాళ్ళు పెరిగారు.

ఆదివారం ఒక నాన్న, టీనేజ్ కూతురు వచ్చారు. మా ఫ్రెండ్ చెల్లి పాత్ర వేసింది. ఆ పిల్ల ఎంత బాగా ఆడిందంటే, వాళ్ళ నాన్న తన వంతు మర్చిపోయి పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. పర్స్ తీసి అడిగాడు, "ఇంట్లో మేమిద్దరమే. ఇద్దరితో ఆడొచ్చా?"

గేమ్‌కి కనీసం ముగ్గురు కావాలి. అవునని చెప్పేస్తే 20 డాలర్లు. నేను మా ఫ్రెండ్ వైపు చూశా. తను "కుదరదండీ" అని నిజమే చెప్పింది. జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ పేరు కాగితం మీద రాసిచ్చింది. రూల్స్ అన్నీ ఒకే పేజీ, ఆన్‌లైన్‌లో ఫ్రీ. ఒకరు గేమ్ మాస్టర్, ఒకరు ప్లేయర్‌గా సర్దుకోవచ్చు. వాళ్ళు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు.

మొత్తం 23 కాపీలు పోయాయి. టేబుల్ అద్దె, హోటల్ రూమ్ లెక్కేస్తే నష్టమే. కార్లో తను లెక్కలు మాట్లాడలేదు. ఇద్దరితో ఆడాలంటే ఏం మార్చాలో దారి పొడుగునా అదే గోల. రెండో ప్రింట్‌లో చివర రెండు పేజీలు కలిపింది, ఇద్దరి కోసం.

వచ్చే ఎపిసోడ్‌లో లేజర్స్ అండ్ ఫీలింగ్స్ తెలుగులో ఆడి చూపిస్తాం. రెండు మూడు పాచికలు దగ్గర పెట్టుకోండి. ఉంటాను మరి.