బయానా ఇచ్చే ముందు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగము)



మేము ఇల్లు కొనబోయి బ్రోకరు చేతిలో పడిన సంగతి చెప్తాము. బయానా మొదటి రోజే పుచ్చుకొన్నాడు. కాగితాలేవయ్యా అంటే "రేపు మాస్టరుగారూ" అనేవాడు. ఆ రేపు నాలుగు నెలలైనా రాలేదు. (మా ఇంట్లో మొదటే వద్దన్నారు, వినలేదు.) చివరికి మేమే ఈసీ తీయించాము. శుభ్రముగానే ఉన్నది. తీరా విచారిస్తే ఆ స్థలము వక్ఫ్ గెజెట్‌లో ఉన్నది!

ఈసీలో కనిపించేవి రిజిస్టరైన దస్తావేజులే. కనుక గెజెట్ కూడా చూసుకోవలెను, వక్ఫ్ బోర్డులో అడగవలెను. 1995 నాటి వక్ఫ్ చట్టానికి 2013లో వచ్చిన సవరణ ప్రకారము వక్ఫ్ ఆస్తి అమ్మకము అసలు చెల్లదు.

బ్రోకరును నిలదీస్తే "మీవాళ్ళదే కదా మాస్టరుగారూ" అన్నాడు. అల్లాహ్ పేర విడిచిన భూమిలో మేము కాపురము పెట్టాలట!

బయానా అడిగితే ఇప్పుడూ రేపే అంటున్నాడు.