మక్కచేని కాపుకు తుపాకి దుర్భిణి



చందుర్తి చుట్టుపట్ల గుట్టల కింద మక్క వేసినవారికి అడవి పంది సంగతి నేను చెప్పవలసిన పని లేదు. కంకి పాలు పోసుకునే వేళకు అది వచ్చి తీరుతుంది. తిన్నదానికన్న తొక్కినది ఎక్కువ. ఒక మంద ఒక్క రాత్రిలో చేసిపోయిన పాడు చూచినవానికి, తెల్లవారి గట్టుమీద కూర్చుని “తుపాకి ఒకటి ఉంటేనా!” అనిపించడం సహజమే. తుపాకి మాట రాగానే దాని వెంబడి ఇంకొక మాట కూడ వస్తున్నది. అదే స్కోపు, అనగా తుపాకి గొట్టం మీద బిగించే దుర్భిణి. “ఫలానా షూటరు దగ్గర ఇంత పొడుగు స్కోపు ఉన్నదట, అల్లంత దూరాన ఉన్న కుందేలు కూడ కొట్టవచ్చినట్టు కనిపిస్తుందట” అని ఊళ్లో చెప్పుకొంటారు. అటువంటి స్కోపు మన మక్కచేనికి పనికిరాదు. జానెడో, జానెడున్నరో ఉండే చిన్నదే కావలె. ఎందుకో చెబుతాను.

దానికి ముందు చట్టం సంగతి నాలుగు మాటలు. వేట సరదా కాలం పోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పందిని ఎవరు పడితే వారు చంపరాదు. అయితే నిలువు పంటకు నష్టం చేస్తున్న జంతువును చంపుటకు ఆ చట్టంలోనే 11వ సెక్షను కింద దారి ఉన్నది. ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చినవారు గాని కారణం చూపి వ్రాతపూర్వకంగా ఉత్తరువు ఇవ్వాలె. కేరళలో 2022లో ఈ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల వరకు తెచ్చినారు, కాని విషం, పేలుడు మందు, కరెంటు మాత్రం వాడకూడదన్నారు. ఉత్తరువు మీద చంపిన పంది కూడ సర్కారు సొత్తే, కూర వండుకొనేందుకు కాదు. ఇక తుపాకి మాట. 1959 ఆయుధ చట్టంలో పంట కాపుకని ప్రత్యేకించి చెప్పినది మూతి నుండి మందు కూరే తుపాకి. రైఫిలు, దానిమీద స్కోపు అన్నవి మీ ఊరికి వచ్చేది ఉత్తరువు పొందిన షూటరు చేతిలోనే. కనుక ఈ మాటలు సగం ఆ షూటరు కోసం, సగం ఆయనను పిలిపించే మీ కోసం. పిలిపించినవారికి సాధనం మంచి చెడ్డలు తెలియకపోతే ఎట్లా?

స్కోపు మీద రెండు అంకెలు వ్రాసి ఉంటాయి. 4×32 అని ఉన్నదనుకోండి. మొదటిది వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది. రెండవది ముందటి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. కొన్నింటికి 2-7×32 అని ఉంటుంది. అంటే రెండు రెట్ల నుండి ఏడు రెట్ల దాకా తిప్పుకోవచ్చునన్నమాట. కొనేవాని కన్ను ఎప్పుడూ మొదటి అంకె మీదనే పడుతుంది, ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకొంటాడు. మోసం అక్కడనే ఉన్నది.

మన చేండ్లలో పంది ఎంత దూరాన కనిపిస్తుంది? మంచె మీద నుండి నలభై, మహా అయితే అరవై మీటర్లు. నాలుగు రెట్ల స్కోపులో నూరు మీటర్ల దూరాన సుమారు తొమ్మిది పది మీటర్ల వెడల్పు మేర కనిపిస్తుంది. అదే నలభై మీటర్ల దగ్గర నాలుగు మీటర్లే. ఇక తొమ్మిది రెట్లకు తిప్పితే ఆ నలభై మీటర్ల దగ్గర కనిపించేది ఒకటిన్నర మీటర్లకు కాస్త ఎక్కువ, పెద్ద పంది ఒక్కదాని పొడవంతే! స్కోపు నిండ నల్లని వెంట్రుకలు తప్ప మరేమీ ఉండదు. దాని పక్కన ఏమున్నదో, వెనుక ఏమున్నదో తెలియదు. పంది రెండడుగులు కదిలితే స్కోపులో నుండి మాయం. ఒకటిన్నర రెండు రెట్లలో అయితే అదే దూరాన ఏడెనిమిది మీటర్ల చేను కంటికి ఆనుతుంది. అందుచేత మన పనికి 1-4 గాని, 1.5-5 గాని, ఎక్కువలో ఎక్కువ 2-7 గాని చాలు. తిప్పుకొనేదయితే తక్కువ అంకె మీదనే ఉంచి కూర్చోవలె.

వెలుతురు లెక్క ఇంకా ముఖ్యం, ఎందుకంటే పంది వచ్చేది పొద్దుగూకినాక. రెండవ అంకెను మొదటి అంకెతో భాగించండి. 4×32లో ముప్పైరెండును నాలుగుతో భాగిస్తే ఎనిమిది. అంటే స్కోపు వెనుక నుండి ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున వెలుతురు బయటికి వస్తుంది. చీకటిలో మన కంటిపాప పడుచు వయసులో ఏడు మిల్లీమీటర్ల దాకా విప్పుకొంటుంది. ఏండ్లు మీద పడిన కొద్దీ అయిదుకు దిగుతుంది. కాబట్టి అయిదుకు తగ్గకుండా వచ్చే స్కోపు మసక వెలుతురులో పనిచేస్తుంది. చిన్నదే కదా అని 4×20 తీసుకొంటే సరిగ్గా అయిదు వస్తుంది, ఫరవాలేదు. అదే ముప్పైరెండు అద్దాన్ని తొమ్మిది రెట్లకు తిప్పితే మూడున్నరే. చిన్న స్కోపుకు పెద్ద అంకె పెట్టి అమ్మేవాడు చీకటిని అమ్ముతున్నాడన్నమాటే. ఈ లెక్క వేసుకొనుటకు కాగితం కూడ అక్కరలేదు, దుకాణంలో నిలబడే చేసుకోవచ్చును.

లోపల గురి గీతలు ఉంటాయి. వెంట్రుక వంటి సన్నగీతలు పగటిపూట అందంగా కనిపిస్తాయి, సంధ్యవేళ మాయమవుతాయి. అంచులు లావుగా ఉండి నడుమ మాత్రం సన్నబడే గీతలు మేలు. ఎర్ర చుక్క వెలిగేవి కూడ ఉన్నాయి. వెలుగు బాగా తగ్గించగలిగినదైతేనే తీసుకోవలె, లేకుంటే ఆ చుక్కే కంటికి దీపమై చుట్టూ ఉన్నది కనబడకుండా చేస్తుంది.

ఇంకొకటి, కంటికి స్కోపుకు నడుమ ఉండవలసిన ఎడం. రైఫిలు కొట్టినప్పుడు వెనుకకు తన్నుతుంది. మూడున్నర నాలుగు అంగుళాల ఎడం ఉన్నా నిండు బొమ్మ కనిపించవలె. కన్ను దగ్గరికి పెడితేనే కనిపించే స్కోపు అయితే మొదటి దెబ్బకే కనుబొమ చీలుతుంది. మంచె మీద వంగి కింది వైపు గురి చూసేటప్పుడు తల మామూలుకంటె ముందుకు వస్తుంది, ఇది జ్ఞాపకం ఉంచుకోవలె.

బిగింపు విషయంలో మనవాళ్లు చాల తేలికగా ఉంటారు. స్కోపుకు వేలు పెట్టి, రింగులకు వంద ఇచ్చి, మట్టి బాటల మీద మోటారు సైకిలుపై వేసుకొని వస్తారు. రింగు సడలితే స్కోపు ఎంత మంచిదైనా గుండు ఒక దిక్కు, గురి ఒక దిక్కు. పనికి ముందు పగలు, అనుమతి ఉన్న చోట, వెనుక మట్టి కట్ట పెట్టి అట్ట మీద కొట్టి చూసుకోవలె. చాల స్కోపులలో ఒక టిక్కు తిప్పితే నూరు గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. యాభై గజాల దగ్గర అందులో సగమే. అంటే అక్కడ ఒక అంగుళం జరపాలంటే ఎనిమిది టిక్కులు. ఒకే దెబ్బ చూసి తిప్పకండి, మూడు కొట్టి వాటి నడిమి చూడండి. మరొక చిన్న విషయం. స్కోపు గొట్టానికి సుమారు అంగుళంన్నర ఎత్తున ఉంటుంది. అందుచేత పది పదిహేను అడుగుల దగ్గరికి వచ్చిన జంతువును గురి చూస్తే దెబ్బ ఆ మేరకు కిందుగా పడుతుంది.

మూతి నుండి కూరే తుపాకికి స్కోపు బిగించవచ్చునా అని కొందరు అడుగుతారు. బిగించి లాభమేమి? ఆ తుపాకి ఎంత గురిగా కొడుతుందో స్కోపు పెట్టినా అంతే కొడుతుంది. కన్ను బాగుపడుతుంది గాని గొట్టం బాగుపడదు.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. ఒకసారి ఉత్తరువు పొందిన షూటరు వెంట నేను మంచె మీద కూర్చున్నాను. ఆయనది కొత్త స్కోపు, తొమ్మిది రెట్లది. అర్ధరాత్రి దాటినాక మక్క సాళ్ల చివర నల్లగా, పొట్టిగా ఒకటి మెల్లగా కదిలింది. ఆయన స్కోపులో నుండి చూసి “పందే సారూ, వీపు కనిపిస్తున్నది” అన్నాడు. నాకూ పందే అనిపించింది, “కొట్టు” అని నోటి దాకా వచ్చింది కూడ. ఇంతలో ఆయనకే ఏమి తోచిందో, తుపాకి దించి బ్యాటరీ లైటు వేసినాడు. గొంగడి కప్పుకొని, వంగి, కాలువకు మడవ తిప్పుతున్న మనిషి! పక్క చేనాయన. ఆయన చేయి అడ్డం పెట్టుకొని “ఎవరయ్యా అది?” అని కేకవేసినాడు. మా ఇద్దరికీ చాలసేపు మాట రాలేదు. తెల్లవారినాక ఆయనే మాకు చాయ పోయించినాడు. తాను ఎంత దగ్గరికి వచ్చిపోయినాడో ఆయనకు మేము చెప్పలేదు. చెప్పవలసి ఉండెను.

నల్ల గొంగడి, వంగిన నడుము, చీకటి: ఈ మూడూ మన చేండ్లలో ప్రతి రాత్రీ ఉంటాయి. అందుచేత స్కోపును వెతుకుటకు వాడరాదు. స్కోపు చూపినవైపే తుపాకి మూతి కూడ చూస్తుంది గదా! వెతుకుటకు వేరే చేతి దుర్భిణి పెట్టుకోవలె. తల, మూతి, కాళ్లు నాలుగూ చూచిన తరువాతనే తుపాకి ఎత్తవలె. చేతి దుర్భిణి అయితే మీలో ఎవరైనా కొనుక్కోవచ్చును. కాపు కూర్చునేవారికి పంది ఏ వైపు నుండి దిగుతున్నదో ముందుగా తెలుస్తుంది, డబ్బా కొట్టి మళ్లించవచ్చు. నన్నడిగితే షూటరు స్కోపుకన్న ఊరికి ఇదే ఎక్కువ పని చేస్తుంది.

రైఫిలు గుండు పందితో ఆగిపోతుందని అనుకోకండి. ఆనకపోతే మైలు దాటి పోగలదు. మన గుట్టల రాతికి తగిలితే ఎటు మళ్లుతుందో చెప్పలేము. మంచె మీద నుండి కిందికి కొడితే గుండు నేలలో దిగుతుంది. గట్టు మీద నిలబడి ఆకాశం వెనుక కనిపిస్తున్న జంతువును కొట్టనీయకండి, రాతిగుండ్ల వైపు అసలే వద్దు.

ఇవన్నీ ఎందుకు, ఒక కరెంటు తీగ చుట్టేస్తే పోలా అనేవారు ఉన్నారు. ఆ తీగకు పంది, పశువు, కన్నకొడుకు అన్న తేడా లేదు. తెలంగాణలో అట్లా పోయిన రైతుల ఇండ్లు మీకూ తెలుసు. అది నేరం కూడ. చేను చుట్టూ ఆముదం సాళ్లు, ప్రాణం తీయని సోలారు కంచె వంటి ఉపాయాలు ముందు చూడండి. వాటి వివరాలు జగిత్యాల దగ్గర పొలాస పరిశోధన కేంద్రంలోనో, మీ వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరనో అడగవచ్చును.

షూటరు వచ్చిన రోజు ముందు ఉత్తరువు కాగితం చూడండి. ఏ తేదీ దాకా, ఏ ఊరి హద్దులో, రాత్రివేళకు వర్తిస్తుందా అన్నది చదివించుకోండి. పగలే ఆయనను వెంటబెట్టుకొని చేండ్లన్నీ తిప్పి, బాయిలెక్కడ, మోటార్లెక్కడ, మేకల మంద ఎక్కడ పడుకుంటుందో చూపించండి. ఆ రాత్రి ఎవరెవరు నీళ్లకు పోతారో పేర్లు వ్రాసి ఇవ్వండి. పోయేవారు వెలుగుతున్న లైటు చేతిలో పట్టుకొనే పోవలె. చాటింపు దీపాలవేళకు కాదు, మధ్యాహ్నమే వేయించండి. పొద్దుగూకక ముందే చేనికి పోయి అక్కడనే పండుకునేవారు కొందరుంటారు గదా, వారి చెవిన కూడ పడవలె.