కుక్కపిల్ల ఏడుస్తుంటే ముందు పాలు కాదు, వెచ్చదనం

చలికాలం వచ్చిందంటే చాలు, నా ఇన్‌బాక్స్ నిండా ఒకే రకం ఫొటోలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోనెసంచి మీద నాలుగైదు కుక్కపిల్లలు, ఇంకా కళ్లు కూడా తెరవలేదు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ పాలు పట్టాలి?"

ఆగండి. ముందు తల్లి ఎక్కడుందో చూడండి. చాలాసార్లు తిండి కోసమే వెళ్లి ఉంటుంది. మీరు పక్కనే నిలబడి రీల్ తీస్తుంటే అది రాదు. దూరంగా వెళ్లి ఒకటి రెండు గంటలు గమనించండి. పిల్లలు ఒంటికి వెచ్చగా, పొట్టలు గుండ్రంగా, హాయిగా నిద్రపోతున్నాయంటే తల్లి చూసుకుంటోందన్నమాట. అప్పుడు మీ పని పిల్లల్ని ఎత్తుకెళ్లడం కాదు, తల్లికి తిండి పెట్టడం. పాలిచ్చే కుక్కకు మామూలు కంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని చికెన్, పక్కన గిన్నెలో నీళ్లు. పిల్లల మీద మాత్రం చెయ్యి వేయకండి, కరుస్తుంది. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

తల్లి నిజంగానే లేదు, ఏ బండి కిందో పడింది అనుకుందాం. లేదా పిల్లలు తడిసి చల్లగా అయిపోయాయి. ఇక ఎదురుచూడొద్దు. ఇక్కడే చాలామంది పాలసీసా పట్టుకుంటారు. పుట్టిన కొత్తలో వీటికి వణకడం కూడా రాదు, ఒంటిని తామే వేడిగా ఉంచుకోలేవు. చల్లబడిన పిల్లకి పేగులు పనిచేయవు, పట్టిన పాలు అరగవు. అందుకే ముందు వెచ్చబెట్టాలి, అదీ మెల్లగా. అట్టపెట్టెలో పాత దుప్పటి వేసి, వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి ఒక పక్కనే పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంచండి, వేడెక్కితే అటు పాకుతాయి.

తర్వాతే పాలు. కుక్క పాలతో పోలిస్తే ఆవు పాలలో ప్రొటీన్, కొవ్వు సగం కూడా ఉండవు. పెట్ షాపులో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, అది తెండి. మన పాపాయిలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచే పట్టాలి. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. (నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.)

ఇంకోటి ఎవరూ చెప్పరు. వీటికి మూత్రం, దొడ్డి వాటంతటవే రావు. తల్లి నాకుతుంది కాబట్టి వస్తాయి. పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో కింద మెల్లగా రుద్దాలి. సుమారు మూడు వారాలు ఇదే డ్యూటీ. రోజూ కిచెన్ త్రాసు మీద తూచండి. ఏ పిల్ల బరువైనా పెరగకపోతే ఆ రోజే పశువుల డాక్టర్‌కి చూపించండి.

ఇక మీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో "సంచిలో వేసి ఊరవతల వదిలేద్దాం" అనే అంకుల్ ఒకరు ఉంటారు. ఆ వయసులో వదిలేయడమంటే చంపేయడమే. ఆకలితో అలమటించేలా జంతువుని వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. గొడవ పడకండి, గడువు అడగండి: "అంకుల్, రెండు నెలలు టైమివ్వండి. పిల్లల్ని దత్తత ఇప్పిస్తాం, తల్లికి మున్సిపాలిటీ వాళ్లతో ఆపరేషన్ చేయిస్తాం, వచ్చే ఏడాది మళ్లీ ఈనదు." ఈ మెసేజ్‌ని ఇలాగే కాపీ చేసి గ్రూప్‌లో పెట్టేయండి.