పన్నుల పేళ్లు



సంస్కృతమున కరమనగా చేయి, కరమనగా పన్ను. బలి యను మాటయు పూర్వము రాజునకు చెల్లించు భాగమునకే పేరు. పూర్వులు పుచ్చుకొను చేతిని దాచలేదు, ఇచ్చువాని బాధను దాచలేదు. పేళ్లు మెత్తబడినది తరువాతనే.

నిజాము పాలనలో మన ప్రాంతమున నజరానా యనునది యుండెను. నజరానా యనగా కానుక. ఈయకున్న దండన గలిగెడు కానుక కానుక యెట్లగును? మామూలు మరియొకటి. భయపడి యొకయేడు ఇచ్చినది మరుసటియేటికి మామూలగును. మామూలైనదానికి కారణము చెప్పనక్కరలేదు. వెట్టి మాత్రము వెట్టియనియే పిలువబడెను. అంతమాత్రపు నిజాయితీ దానికి గలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున లెవీ వచ్చెను. సర్కారు తాను నిర్ణయించిన ధరకు ధాన్యము తీసికొని కొనుగోలనెను. అమ్మననుటకు వీలులేని అమ్మకమది.

అటు కోస్తాలో చీరాల పేరాల వారికి పురపాలక సంఘమను గౌరవము దక్కెను. గౌరవముతోపాటు పన్నులు పెరిగెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై జనులు ఇండ్లు విడిచి, ఊరిబయట పాకలలో నెలల తరబడి కాపురముండిరి.

పన్నే వలదని నా వాదము కాదు. బడికి, బాటకు, చెరువుగట్టుకు సొమ్ము కావలయును. కాని ఏ పేరుతో తీసికొనుచున్నారో ఆ పేరు నిజము కావలయును. నేటి సెస్సునే చూడుడు. వినువారికది పన్నుకంటె చిన్నదిగా తోచును. కేంద్రము పన్నులలో రాష్ట్రములకు భాగము పంచవలెను, సెస్సులో పంచనక్కరలేదు. పేరు మారుటతో లెక్కయే మారినది.

ఇక వేములఘాటు సంగతి. తొగుట మండలములోని ఆ యూరు మల్లన్నసాగరమునకై అడుగబడెను. భూమిని తీసికొనుట పన్ను కాదందురు. నిజమే, పన్ను పంటలో భాగమడుగును, ఇది పొలమునే యడిగినది. 2013 నాటి చట్టము సామాజిక ప్రభావ విచారణ జరుపవలెననియు, పునరావాసము కల్పింపవలెననియు చెప్పుచున్నది. 2015లో వెలువడిన 123వ ఉత్తర్వు మాత్రము ఇష్టపడి అమ్మువారివద్ద కొనెదమనెను. ఇష్టము! నీరు నిలుచుట నిశ్చయమైన యూరిలో, ప్రక్కవాడు అమ్మివేసిన పిమ్మట, మిగిలినవాని యిష్టమెంతటిది? లెవీ నాటి కొనుగోలును ఎరిగినవారికి ఈ మాట క్రొత్త కాదు. ఊరివారు ఊరక యుండక, దీర్ఘకాలము రిలే నిరాహారదీక్షలు సాగించిరి. 2016 ఆగస్టులో హైకోర్టు ఏకన్యాయమూర్తి ఆ యుత్తర్వును కొట్టివేసెను. అయినను కట్టపని ఆగలేదు. 2021లో ఊరు ఖాళీయైనది. 2022 ఫిబ్రవరిలో ఏబది టీఎంసీల జలాశయమునకు ప్రారంభోత్సవము జరిగెను.

సూర్యుడు నీటిని పీల్చి వేయిరెట్లుగా కురియుటకే యన్నట్లు రాజు పన్ను గైకొనునని రఘువంశమున కాళిదాసు పోలిక. ఆ నీరు దూరపు పొలములకు మేలు చేయుచున్నచో సంతోషమే. వేములఘాటు రైతుకు ఆ వాన కురియవలసిన చేను నీటి యడుగున నున్నది. గజ్వేలు చెంతనున్న కాలనీలో అతనికి ఇల్లు గలదు. దున్నుటకు తన పాతచేను లేదు.

అతనికి వచ్చిన సొమ్మును పరిహారమనిరి, పోయినదానిని త్యాగమనిరి. త్యాగము తానుగా చేయునది గదా! ఇన్ని మాటలలో ఒక్కటి మాత్రము ఎవరును మెత్తబరుపక విడిచిరి. అట్టివారిని ప్రభుత్వపు కాగితములు నిర్వాసితులనును, అనగా నివాసమునుండి వెడలగొట్టబడినవారు.