నోటిఫికేషన్ వచ్చేదాకా ఏం చేద్దాం?

(నస్రుల్లాబాద్ మండలంలో సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న యువతీయువకులతో చేసిన ప్రసంగ పాఠం)

 

 భోగ్ భండారో అయిపోయి అందరూ ఆకలి మీదున్నారు. ఎక్కువసేపు తీసుకోం.

ఉద్యోగ ప్రయత్నంలో ధైర్యం కోల్పోకుండా ఎట్లా ఉండాలో చెప్పమని సంఘం వాళ్లు మమ్మల్ని అడిగారు. ధైర్యం చెప్పడం తేలికే. మేమూ బీఎడ్ చేసి, రెండుసార్లు డీఎస్సీ రాసి, రెండుసార్లూ జాబితాలో పేరు లేక ఇంటికొచ్చినవాళ్లమే. ఆ రోజుల్లో ధైర్యంగా ఉండమన్నవాళ్ల మీద మాకు కోపం వచ్చేది. టీచర్ అవుదామనుకుని వార్డెన్ అయ్యాం. అందుకని ధైర్యం సంగతి పక్కన పెట్టి, మా హాస్టల్లో చదివి వెళ్లిన అమ్మాయిలు ఏం చేశారో చెప్తాం.

ముందు కాలం లెక్క చూద్దాం. తెలంగాణ వచ్చాక టీచర్ పోస్టులకు 2017 అక్టోబర్‌లో 8,792 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. 11,062 పోస్టులతో ఇంకోటి వచ్చేసరికి 2024 ఫిబ్రవరి 29. మధ్యలో 2023లో 5,089 పోస్టులకు వేసినదాన్ని రద్దు చేశారు. గ్రూప్-1 సంగతి మీకు తెలుసు. 2022 అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్ 9న పెట్టారు.

ఈ ఏళ్లను సర్కారు ఒకలా లెక్కపెడుతుంది, తాండాలో ఇంకోలా లెక్కపెడతారు. ఇక్కడ అది పిల్ల పెళ్లి ఎన్నేళ్లు ఆగిందనే లెక్క. ఒక తండ్రి మా ఆఫీసు గదిలో కూర్చుని, "మేడం, ఆ నోటిఫికేషన్ అచ్చేదాక పిల్ల ఇంట్లనే కూసోవాల్నా?" అని అడిగాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. మనమే ఆయనకు సరైన జవాబు ఇవ్వలేదు. "చదువుకుంటున్నా" అంటే ఆయనకు కనిపించేది మంచం మీద పుస్తకం, చేతిలో ఫోను.

ఆ అమ్మాయినే తీసుకోండి. సోషల్ స్టడీస్ బీఎడ్. డీఎస్సీలో పోస్టు కొద్దిలో పోయింది. ఏడ్చి ఏడ్చి, మళ్లీ అదే కోచింగ్ మెటీరియల్ మొదటి పేజీ నుంచి తీసింది. మేము ఆపి మార్కుల మెమోలు అన్నీ తెమ్మన్నాం. టెట్‌లో ఆమెకు 78 వచ్చాయి. ఎస్టీలకు 150కి 60 వస్తే అర్హత కాబట్టి, పాసయ్యాం కదా అని ఆ సర్టిఫికెట్ పెట్టెలో పెట్టేసింది. కానీ డీఎస్సీలో 80 మార్కులు పరీక్షకైతే, మిగిలిన 20 టెట్ నుంచే వస్తాయి. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులు పెరిగితే ఇక్కడ ఒక మార్కు పెరిగినట్టు. ఆమె మళ్లీ టెట్ రాసి 102 తెచ్చుకుంది. 24 మార్కులు పెరిగితే డీఎస్సీ లెక్కలో 3.2. ఒక్కో ప్రశ్నకు అర మార్కు ఇచ్చే పరీక్షలో అది ఆరు ప్రశ్నలకు పైమాటే. పోస్టు పోయింది అంతకంటే తక్కువ తేడాతో. ఇంకో ఏడాది అదే పుస్తకం చదివి ఉంటే ఈ సంగతి ఆమెకు కనపడేదే కాదు.

ఆ లెక్కను ఆమె వాళ్ల నాన్నకు కాగితం మీద వేసి చూపించింది. ఏ నెలలో టెట్ ఉంది, ఎన్ని మార్కులు పెరగాలి, పెరగకపోతే ఏం చేస్తాను అని. ఆయనకు చదువు రాదు, కానీ లెక్క తెలుసు. పెళ్లి మాట ఒక ఏడాది వాయిదా వేశాడు. ఆ ఏడాదే మాకు కావలసింది.

ఇంకొక అమ్మాయి బీఎడ్‌తో ఎస్జీటీకి చదువుతుండగా, 2023 ఆగస్టులో ప్రైమరీ టీచర్లకు బీఎడ్ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఏడాది చదువు ఒక్కరోజులో పోయినట్టయింది. వారం రోజులు ఎవరితో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తన పాత దరఖాస్తులన్నీ వెతికితే, 2023 మొదట్లో హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టులకు కట్టిన ఫీజు రసీదు దొరికింది. 581 పోస్టుల నోటిఫికేషన్ అది. 2022 డిసెంబర్‌లో వేస్తే, పరీక్ష 2024 జూన్‌లో జరిగింది. అప్లై చేసి మరిచిపోయింది! అందులో రెండో పేపర్ బీఎడ్ స్థాయి విద్యాశాస్త్రమే. తాను చదివిన పెడగాజీ అంతా అక్కడ పనికొచ్చింది. అందుకే మీరు అప్లై చేసినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు, చివరి తేదీ, అన్నీ.

అందరి కథా ఇట్లా తిరగలేదు. గ్రూప్-1 రెండోసారి రద్దయ్యాక ఒక అబ్బాయి పుస్తకాలు కట్టగట్టి తాళ్లతో బిగించి అటక మీద పెట్టాడు, మూడోసారి రాయలేదు. అతన్ని మేము తప్పుపట్టం. ఇంకొక అమ్మాయి నాలుగు పరీక్షలు రాసింది, ఇప్పటికీ ఏదీ రాలేదు. కానీ పొద్దున ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తుంది, సాయంత్రం తాండాలో పది మంది పిల్లలకు ట్యూషన్ చెప్తుంది. జీతం తక్కువే. అయితే నలుగురి ముందు నోరు తెరవలేని పిల్ల ఇప్పుడు గొంతెత్తి మాట్లాడుతుంది. ఆదివారాలు బాన్సువాడలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ మీద టైమ్ పెట్టుకుని మాక్ టెస్టు రాస్తుంది. కాగితం మీద 160 ప్రశ్నలు చేయగలిగిన పిల్ల, స్క్రీన్ మీద మొదటిసారి 118 దగ్గర ఆగిపోయింది. మూడు నెలల్లో పూర్తి చేయగలుగుతోంది.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటుంది. అవుట్‌సోర్సింగ్‌లో పెట్టిస్తామని డబ్బు అడిగేవాళ్లు మన తాండాలకే ఎక్కువగా వస్తారు. మా దగ్గర చదివిన ఒక పిల్ల తల్లి మెడలో గొలుసు అమ్మి ఇచ్చింది. పోస్టూ రాలేదు, గొలుసూ రాలేదు. గల్ఫ్‌కు వెళ్లే తమ్ముళ్లకూ ఇదే చెప్తున్నాం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడా అడగండి. అన్నిటికంటే ముందు పైసలు అడిగినవాడి మాట ఇంట్లో అందరికీ తెలియాలి, సిగ్గుపడి దాచొద్దు.

2022లో మన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. మంచిదే. కానీ ఆ పోస్టుల కోసం మన పిల్లలతోనే మన పిల్లలు పోటీ పడుతున్నారు. కటాఫ్ ఊరికే దిగదు.

ఈ ఆదివారం పొద్దున పదింటికి తాండా పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుంటాం. అమ్మాయిలు, అబ్బాయిలు ఎవరైనా రావచ్చు, నాన్నలూ రావచ్చు. రాసిన పరీక్షల మెమోలు, హాల్‌టికెట్లు అన్నీ తెచ్చుకోండి. మార్కులు తక్కువ వచ్చాయని ఏదీ ఇంట్లో దాచి రావద్దు, మేము మొదట చూసేది అదే.

రామ్ రామ్.