పరుగు పందెములో మృతుల జ్ఞాపకము

(యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగము)



సమాధుల పండుగనాడు మనవారి సమాధులకు వెల్ల వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుట మీకు క్రొత్త కాదు. ఆ బంతిపూవు పుట్టినిల్లు మెక్సికో దేశమని మనలో ఎందరెరుగుదురు? అక్కడివారు దానిని సెంపసూచిల్ అందురు. నవంబరు 1, 2 తేదీలలో మృతుల దినము ఆచరించుచు, ఆ పూరేకులను వీధి గుమ్మము మొదలుకొని ఇంటిలోని బల్ల వరకు దారిగా చల్లుదురు. ఆ రంగును, వాసనను గుర్తుపట్టి చనిపోయినవారు ఇల్లు చేరుదురని వారి నమ్మకము.

ఆ బల్ల సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. దానిమీద పోయినవారి ఫొటో, గ్లాసెడు నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, ఆ దినములకే కాల్చు తియ్యని రొట్టె ఉంచుదురు. దూరము నడిచి వచ్చువారికి దాహమగునని నీళ్లు! తాతకు ఇష్టమైన కూర, పసిబిడ్డ పోయిన ఇంట ఆటబొమ్మ కూడ ఉండును. మొదటి దినము చిన్నబిడ్డలకు, రెండవది పెద్దలకు. 1521లో స్పెయినువారు అస్తెకుల రాజధానిని పట్టుకొనుటకు ముందే ఆ ప్రజలకు మృతుల పండుగలు కలవు. అవి క్రమేణ సకల పరిశుద్ధుల దినముతోను, సకల ఆత్మల దినముతోను కలిసిపోయినవి. 2008లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చెను.

ఇక పరుగు పందెము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మెక్సికో కుటుంబములు స్థిరపడిన కొన్ని పట్టణములలో ఆ రోజులలోనే 5 కిలోమీటర్ల పరుగు ఏర్పాటు చేయుదురు. పరుగెత్తువారు తమ మృతుల పేరో, ఫొటోయో చొక్కాకు తగిలించుకొందురు. ముఖమునకు పుర్రెవలె రంగులు పూసికొందురు. అందరి ఫొటోలు పెట్టుటకు ఒక ఉమ్మడి బల్ల ఉండును. ముసలమ్మలు నడచుచు వత్తురు, తల్లులు బిడ్డల బండ్లు త్రోయుచు వత్తురు. మొదట ఎవరు వచ్చిరని అడుగువారు తక్కువ.

ఆ పుర్రె ముఖము చిత్రములో చూచినప్పుడు నాకు రోత కలిగెను, దాచను. తరువాత తెలిసినది. పోసాద అను చిత్రకారుడు 1910 ప్రాంతమున గొప్పింటి టోపీ పెట్టిన పుర్రెను చెక్కి, డాబుసరి మనుష్యులను ఎగతాళి చేసెను. ఎంత టోపీ పెట్టినను క్రింద ఉన్నది ఎముకయే గదా!

మృతులు వచ్చి భుజింతురని మనము నమ్మము. ఈ విషయములో నాకు సందేహము లేదు. అయితే హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో గతించిన విశ్వాసుల పేర్లు వరుసగా చెప్పి, 12వ అధ్యాయము మొదటనే మనలను పరుగెత్తుమని చెప్పుట ఎన్నిసార్లు చదివితిమి! ఆ రెంటిని కలిపి చూచుట నాకు ఈ మెక్సికో వారివలననే అలవడెను.

వారికి పరుగు ఎందుకు కావలసివచ్చెను? సరిహద్దు దాటి పోయినవారిలో అనేకులకు సరియైన కాగితములు లేవు. వెళ్లినయెడల తిరిగి రాలేరు. తల్లి సమాధి స్వగ్రామములో నున్నది. అందుచేత ఫొటోను రొమ్ముమీద పెట్టుకొని, ఉన్న ఊరి వీధిలోనే పరుగెత్తుదురు.

మన సంఘపు కుర్రవాడొకడు కువైట్‌లో ఉండగా తల్లి పోయెను, రాలేకపోయెను. మరుసటి పండుగకు ఫోను చేసి, "అయ్యగారూ, అమ్మ దగ్గర ఒక్క బంతిపూవు పెట్టండి, నేను చూస్తాను" అనెను. ఒక చేత ఫోను పట్టుకొని రెండవ చేత పూవు పెట్టితిని. గాలికి కొవ్వొత్తి రెండుమార్లు ఆరిపోయెను. అటునుండి చాలసేపు మాట వినబడలేదు.